జపాన్‌లో పాత ఫ్లాట్లు, విదేశీ మదుపరులు: ధరలో కనిపించని మరమ్మతు భారం

జపాన్‌లో నివాసం లేని విదేశీయుడు సైతం అక్కడ భూమినీ భవనాన్నీ పూర్తి హక్కులతో కొనవచ్చు. పెట్టుబడి కోసం కొన్నప్పుడు 20 రోజుల్లోగా బ్యాంక్ ఆఫ్ జపాన్ ద్వారా ఆర్థిక మంత్రికి నివేదిక ఇవ్వడం వంటి లాంఛనాలు మాత్రం పాటించాలి. అందువల్ల టోక్యో, ఒసాకా నగరాల్లోని పాత ‘మాన్షన్లు’, అంటే కాంక్రీటు కట్టడాల్లో విడివిడిగా అమ్మే ఫ్లాట్లు, తక్కువ ధరతోనూ ఎక్కువ అద్దె రాబడితోనూ మదుపరులను ఆకర్షిస్తున్నాయి. అయితే ఆ రాబడి శాతాన్ని లెక్కకట్టేటప్పుడు, భవనానికి పేరుకుపోయిన మరమ్మతుల్లో ఆ ఫ్లాటు వాటాకు ఎంత వస్తుందన్నది లెక్కలోకి రావడం లేదు.

కొనేముందు మొదట చూడవలసింది భవనం ఏ భూకంప ప్రమాణం కింద కట్టినదన్నది. 1978 నాటి మియాగి భూకంపం తర్వాత సవరించిన భూకంప నిరోధక ప్రమాణం 1981 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ఏ ప్రమాణం వర్తిస్తుందో నిర్ణయించేది నిర్మాణ అనుమతి తేదీ కనుక, 1982లో పూర్తయిన భవనం కూడా పాత ప్రమాణానికి చెందినదే కావచ్చు.

అంతకన్నా లోతుగా పరిశీలించవలసింది మరమ్మతు నిధి, అనగా ఫ్లాట్ల యజమానులందరూ నెలనెలా తమ సంఘానికి చెల్లించే మొత్తాల నిల్వ. సుమారు 12 నుంచి 15 ఏళ్లకొకసారి జరిగే భారీ మరమ్మతులకు, వెలుపలి గోడల పలకలకు, నీటి గొట్టాలకు, లిఫ్టులకు ఈ నిధే ఆధారం. కొత్త ఫ్లాట్లు సులువుగా అమ్ముడుపోవడానికి బిల్డర్లు తొలి ఏళ్లలో ఈ చందాను తక్కువగా నిర్ణయించడం మామూలే కాబట్టి, ఆ కొరత దశాబ్దాల తర్వాత కొన్నవారి మీద పడుతుంది. నిర్వహణ సంస్థ ఇచ్చే నివేదికలో నిధి నిల్వ, సంఘం తెచ్చిన అప్పు, యజమానుల బకాయిలు ఉంటాయి. పాత యజమాని బాకీపడ్డ చందాను కొత్త యజమాని నుంచి కూడా వసూలు చేసే హక్కును చట్టం సంఘానికి ఇచ్చింది.

వాస్తుశిల్పి కిషో కురొకావా రూపకల్పనలో 1972లో టోక్యోలోని గింజాలో వెలసిన నకాగిన్ క్యాప్సూల్ టవర్ ఈ విషయంలో గట్టి ఉదాహరణ. సుమారు 10 చదరపు మీటర్ల చొప్పున ఉన్న 140 క్యాప్సూళ్లను 25 ఏళ్లకొకసారి మార్చాలన్నది మూల ప్రణాళిక కాగా, ఒక్కసారి కూడా ఆ పని జరగలేదు. 2007లో పునర్నిర్మాణానికి తీర్మానం నెగ్గినా అది ముందుకు సాగలేదు. 2010లో వేడినీటి సరఫరా ఆగిపోయింది. 2022లో కూల్చివేత మొదలైంది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన భవనాన్నే సంఘం నిలుపుకోలేకపోయిందంటే, శివార్లలోని పేరులేని భవనాల పరిస్థితి ఊహించవచ్చు.

పునర్నిర్మాణానికి యజమానుల్లో ఐదింట నాలుగు వంతుల ఆమోదం కావాలన్న సాధారణ నిబంధనను, భూకంప నిరోధకత లోపించిన భవనాల విషయంలో నాలుగింట మూడు వంతులకు తగ్గిస్తూ 2025లో చట్టాన్ని సవరించారు. అది 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యేలా నిర్ణయించారు. విదేశాల్లో ఉన్న యజమాని తన తరఫున సమావేశ నోటీసులు అందుకోవడానికి, ఓటు వేయడానికి జపాన్‌లో ఒక ప్రతినిధిని నియమించుకునే ఏర్పాటు కూడా ఆ సవరణలోనే ఉంది. ఆ ప్రతినిధికిచ్చే ప్రతిఫలాన్నీ, పెరగబోయే మరమ్మతు చందానూ మినహాయించాక మిగిలే అద్దెనే రాబడిగా తీసుకుని ధర బేరమాడటం విదేశీ మదుపరికి శ్రేయస్కరం.