చైనీసు భాషాభ్యాసకుల రచనలలో రూపక ప్రయోగం

చైనీసు మాతృభాష కానివారు ఆ భాషలో వ్రాసేటప్పుడు ఒక విషయాన్ని మరొక విషయంగా భావించి చెప్పే తీరును '''చైనీసు భాషాభ్యాసకుల రూపక ప్రయోగం''' అంటారు. ఇది ద్వితీయ భాషాబోధనకు చెందిన అధ్యయనాంశము. వ్యాకరణ దోషమేదీ లేకున్నా వాక్యం అపార్థానికి దారి తీయడానికి రూపకం ఒక కారణం.

== రూపకం ==
భారతీయ అలంకార శాస్త్రం ప్రకారం ఉపమేయానికి, ఉపమానానికి అభేదం చెప్పడం రూపకాలంకారం. రూపకం కావ్యాలకే పరిమితం కాదని, నిత్యజీవితంలోని ఆలోచనకు కూడా ఆధారమని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో ప్రతిపాదించారు. భాషాబోధనలో ఈ విశాలార్థమే వాడుకలో ఉన్నది.

== కలిసే రూపకాలు ==
నెల్లూరు జిల్లాలోని తోటపల్లి గూడూరు వంటి సముద్రతీర మండలాలలో ఆటుపోట్లు కంటికి కనిపించే దృశ్యం. "జీవితంలో ఆటుపోట్లు" అన్నప్పుడు అదే మాట రూపకమవుతుంది. చైనీసులోనూ పోటు లేచి తగ్గడాన్ని జీవితపు ఒడిదొడుకులకు వాడతారు. కోపాన్ని నిప్పుగా భావించడం కూడా రెండు భాషలకు సమానమే. ఇటువంటి చోట్ల మాతృభాష అభ్యాసకునికి తోడ్పడుతుంది.

== కలవని రూపకాలు ==
తెలుగువారు పొరపడే అవకాశమున్న కొన్ని ప్రయోగాలు:
* '''కాలం:''' తెలుగులో "పై నెల" అంటే రాబోయే నెల. చైనీసులో అదే అక్షరార్థం గల మాటకు గడిచిన నెల అని అర్థం. రాబోయేది "కింది నెల".
* '''మనసు:''' తెలుగులో పూవు వంటి మనసు సుకుమారమైనది. చైనీసులో "పూల హృదయం" అంటే ప్రేమలో నిలకడ లేనితనం.
* '''అసూయ:''' తెలుగులో ఓర్వలేనితనం కడుపుమంట. చైనీసులో ప్రేమ విషయంలోని అసూయను "వినెగర్ తినడం" అంటారు.

== అధ్యయన పద్ధతులు ==
1992-2005 మధ్య హెచ్.ఎస్.కె. పరీక్ష వ్రాసిన విదేశీయుల వ్యాసాలతో బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం ఒక పాఠనిధిని నిర్మించింది. ఇటువంటి పాఠాలలో రూపకాలను గుర్తించడానికి 2007లో ప్రాగల్‌జాజ్ బృందం ప్రకటించిన పద్ధతి ప్రసిద్ధం. దీనిలో పదానికి సందర్భంలో ఉన్న అర్థాన్ని దాని మౌలికార్థంతో పోల్చి చూస్తారు.

ఆంగ్లం నేర్చుకునే గ్రీకు, జర్మను భాషీయుల పరీక్షా వ్యాసాలపై లిటిల్‌మోర్ తదితరుల అధ్యయనం 2014లో వెలువడింది. భాషాస్థాయి పెరిగేకొద్దీ రూపకాల వాడుక పెరిగినట్లు అందులో తేలింది. మధ్యస్థాయి దాటే దశలో రూపకాలలో తప్పులు కూడా ఎక్కువయ్యాయి. కనుక అటువంటి తప్పులు ప్రగతికి సూచన కూడా కావచ్చును.

== మూల్యాంకనం ==
అలవాటు లేని ప్రతి పోలికనూ తప్పుగా లెక్కిస్తే విద్యార్థి తేలికైన వాక్యాలకే పరిమితమవుతాడు. అన్నిటినీ అంగీకరిస్తే అపార్థాలు మిగిలిపోతాయి. "పై నెల" వంటి ప్రయోగం తేదీనే మార్చివేస్తుంది కనుక దానిని సరిదిద్దవలసిందే. భావం స్పష్టంగా అందుతున్న కొత్త పోలికను మాత్రం దోషంగా కాక, రచయిత ఊహాశక్తిగా పరిగణించవచ్చును.