ఘాట్ ఎక్కితే మారే చట్టం

"లాయరుగారూ, అమ్మినవాడు గిరిజనుడు కాదండీ, మనవాడే. ఇంక అడ్డేముంది?"

శృంగవరపుకోటలో నా ఆఫీసుకొచ్చిన విశాఖ హోటలు ఆసామి మాట ఇది. అరకులో ఎకరం కొన్నాడు, రిజిస్ట్రేషన్ చేయించాలట. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి కొత్తది, కంప్యూటర్ అక్షరాలు, సంతకాలు. రెండోది మడతల దగ్గర చిరిగిన తెల్లకాగితం. తూర్పున గెడ్డ, పడమట పనసచెట్టు, దక్షిణాన బాట అని హద్దులు. అడుగున నీలి వేలిముద్ర. అమ్మినవాడి తండ్రికి ఆ నేల అలా వచ్చింది.

ఆయన అడిగింది పాత ప్రశ్నే. రెండు ఊళ్లవాళ్లు వ్యవహారం పెట్టుకుంటే ఎవరి చట్టం చెల్లుతుంది? ప్రైవేటు అంతర్జాతీయ న్యాయం అని మేం పెద్ద పేరుతో పిలిచేది దీన్నే. పుట్టింది మాత్రం ఇటలీ వర్తకుల ఊళ్లలో. బొలోన్యాకీ మోడెనాకీ 40 కిలోమీటర్లే, అయినా దేని శాసనాలు దానివి. బొలోన్యావాడి మీద మోడెనాలో దావా వేస్తే, అతను లోబడని మోడెనా శాసనంతో తీర్పు చెప్పకూడదని 13వ శతాబ్దంలో అక్కుర్సియస్ అనే న్యాయపండితుడు వ్యాఖ్య రాశాడు. తరవాతి శతాబ్దంలో బార్టోలస్ ఇంకో మెట్టెక్కి, శాసనాలను రెండుగా విడదీశాడు: మనిషి వెంట నడిచేవి, నేలను అంటిపెట్టుకునేవి. ఏది ఏదో తేల్చడానికి ఇంగ్లండు వారసత్వ ఆచారాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. 'పెద్దకొడుకు ఆస్తి పొందును' అంటే మనిషి చట్టం. 'ఆస్తి పెద్దకొడుక్కి చెందును' అంటే నేల చట్టం. వ్యాకరణంతో న్యాయం చెబుతాడా అని తరవాతివాళ్లు వెక్కిరించారు.

నేనూ చదువుకునే రోజుల్లో నవ్వాను. ఏజెన్సీ కేసులు పట్టాక నవ్వు పోయింది.

మన కొండల్ని కుంపినీ వాళ్లు మొదట మైదానం కోర్టుల కిందే పెట్టారు. అక్కడి రూల్సు ఇక్కడ నడవలేదు. గంజాం, విశాఖపట్నం కొండల్లో తిరుగుబాట్లు లేచాయి, జార్జి రస్సెల్‌ను కమిషనరుగా పంపారు. చివరికి 1839 నాటి 24వ చట్టంతో ఈ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా చేసి ఆయన చేతిలో పెట్టారు. 'ఏజెన్సీ' అన్న మాట అలా వచ్చిందే. భూబదలాయింపు కేసు ఈ రోజుకీ సివిల్ కోర్టుకు వెళ్లదు. పాడేరులో స్పెషల్ డిప్యూటీ కలెక్టరు వింటారు.

కోర్టులు వెనక్కి తగ్గినా షావుకారు తగ్గలేదు. సంతలో ఉప్పు, బట్ట అప్పిచ్చి చింతపండు, పసుపు జమకట్టుకుని, లెక్క తెగకపోతే చేను రాయించుకునేవాడు. 1917లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. కొండజాతివాడి అప్పుపై వడ్డీ నూటికి ఏడాదికి 24 దాటకూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాడు పరాయివాడికి భూమి ఇస్తే చెల్లదు. బార్టోలస్ కళ్లతో చూడండి: నేల ఏజెన్సీదే, కానీ కట్టడి 'కొండజాతివాడు' అన్న మాట మీద. ఒకసారి చేను మైదానంవాడి చేతికి చిక్కిందా, ఆ పైన అతను ఇంకో మైదానంవాడికి అమ్ముకుంటే ఈ చట్టం నోరెత్తదు. 1959 రెగ్యులేషన్ వచ్చాకా ఆ కంత అలాగే ఉండిపోయింది.

1970లో ఆ రెగ్యులేషన్‌ను సవరించి పూడ్చారు. జనం '1/70' అనేది ఆ సవరణనే. ఏజెన్సీ భూమిని ఇచ్చేవాడు గిరిజనుడైనా కాకున్నా, పుచ్చుకునేది గిరిజనుడు లేదా గిరిజన సొసైటీ కాకపోతే ఆ బదిలీ చెల్లదు. నాలుగు మాటలు మారాయి, మనిషి వెంట నడిచిన చట్టం నేలకు అతుక్కుపోయింది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, 1997లో సుప్రీంకోర్టు ఆ నేలకు ఇంకా బలమిచ్చింది: ఇచ్చేవాడు అంటే ప్రభుత్వం కూడా.

మనిషి వెంట నడిచే చట్టమూ ఇక్కడ బతికే ఉంది. విశాఖలో ఉద్యోగం చేసే భగత తెగ దంపతుల పెళ్లికి 1955 హిందూ వివాహ చట్టం వర్తించదు. షెడ్యూల్డు తెగలను అందులోంచి మినహాయించారు. వాళ్లు ఘాట్ దిగినా ఆచారం వాళ్లతోనే దిగుతుంది. చేను మాత్రం దిగదు.

ఇదంతా విని ఆసామి, "నేను కొన్నది మనవాడి దగ్గర కదండీ" అన్నాడు మళ్లీ.

"మీ మనవాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాను. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. రుజువంటూ ఈయన తెచ్చిందేమో ఆ వేలిముద్ర.

కొత్త కాగితం జేబులో పెట్టుకుని లేచాడు. పాతది బల్ల మీదే వదిలేశాడు.