నాగపురమునకు నడచిన చదువు

వేములపల్లి, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతములన్నియు ఒకనాడు నిజాము రాజ్యములోని నల్లగొండ జిల్లాకు చెందియుండెను. ఇచ్చటి తెలుగు బాలుడు పై చదువు కోరినచో ఉర్దూ నేర్వక తప్పదు. రాజ్యమున ఉన్న విశ్వవిద్యాలయ మొక్కటే. అది 1918లో నెలకొన్న ఉస్మానియా.

ఆ సంస్థ సామాన్యమైనది కాదు. శాస్త్రములను దేశభాషలో బోధింపవచ్చునని అది నిరూపించెను. గ్రంథముల అనువాదమునకై ప్రత్యేక శాఖయే పనిచేసెను. అయినను ఆ భాష తెలుగు బిడ్డల తల్లిభాష కాదు. స్వంతముగా బడి తెరచుటకును సర్కారు అనుమతి కావలసియుండెను. 1930 నుండి ఆంధ్ర మహాసభ మాతృభాషా బోధనను కోరుచు వచ్చెను. దాని సమావేశము 1931లో దేవరకొండలోను, 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరులోను జరిగెను.

ఈ రెంటి నడుమ, 1938 చివర, ఉస్మానియా వసతిగృహములలోని విద్యార్థులు ప్రార్థన సమయమున వందేమాతర గీతమును పాడిరి. అది వివాదాస్పద గీతమని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు తరగతులు మానిరి. సమ్మె ఓరుగల్లు మున్నగు చోట్లకు ప్రాకెను. వందలాది విద్యార్థులు బహిష్కృతులైరి.

క్షమాపణ చెప్పి మరల చేరుటయా, చదువును వదలుకొనుటయా? పుస్తెలమ్మి కొడుకును పట్నము పంపిన ఇంటిలో ఇది చిన్న ప్రశ్న కాదు. అప్పుడు నాగపుర విశ్వవిద్యాలయము తలుపు తెరచెను. దాని ఉపాధ్యక్షుడు కేదారుగారు ఈ విద్యార్థులకు ప్రవేశము కల్పించిరి. ఓరుగల్లులో బహిష్కృతుడై నాగపురము చేరిన పి. వి. నరసింహారావు 1991లో భారత ప్రధాని అయ్యెను.

శ్రోతలు ఒక్క విషయము గమనింపవలెను. ఆ యువకులు విశ్వవిద్యాలయమును కూలద్రోయ గోరలేదు. అందు తమకును చోటు గోరిరి. రాజ్య ఖజానాతో నడచు విద్యాలయమున, ఆ ఖజానాకు శిస్తు కట్టు రైతుబిడ్డ అతిథి కాడు, హక్కుదారు. ఒక విశ్వవిద్యాలయము త్రోసివేసిన వారిని మరియొకటి ఆదుకొనుటచేతనే వారి చదువు నిలిచెను.

నల్లగొండలో 2007లో విశ్వవిద్యాలయము వెలసినది. వేములపల్లి విద్యార్థికి నేడు నాగపురము పోవలసిన పని లేదు. కాని ఈ తలుపు తెరచియే యుండునట్లు చూచుకొను బాధ్యత మాత్రము మనయందే కలదు.