కుబాన్ సరిహద్దు: కోసక్కులొచ్చారు, సర్కాసియన్లు పోయారు

నల్ల సముద్రం తూర్పు తీరం నుంచి ఉత్తరాన కుబాన్ నది దాకా ఉన్న కొండలు, లోయలు ఒకప్పుడు సర్కాసియన్లవి. వీళ్లలో ఎక్కువ మంది సున్నీ ముస్లింలు. నదికి అవతలి గట్టున రష్యా 1792 నుంచే కోసక్కులను దింపుతూ వచ్చింది.

కోసక్కు అంటే సగం రైతు, సగం సిపాయి. ప్రభుత్వం ఊరికి భూమి ఇస్తుంది. బదులుగా మగవాళ్లు సైన్యంలో కొలువు చేయాలి, గుర్రం, కత్తి సొంత ఖర్చుతో తెచ్చుకోవాలి. ఆ ఊరిని స్తనిత్సా అంటారు. ఖజానా లెక్కలో చూస్తే ఇంత చౌక సైన్యం ఇంకోటి దొరకదు. తన తిండి తనే పండించుకుంటుంది, కొడుకుల్ని కూడా సిపాయిలుగానే పెంచుతుంది.

1859లో తూర్పు కాకసస్‌లో ఇమామ్ షామిల్ గునీబ్ దగ్గర లొంగిపోయాక రష్యా బలగం పడమటికి తిరిగింది. జనరల్ యెవ్‌దోకిమోవ్ పద్ధతి సూటిగా ఉండేది: అడవి నరికి దారి వేయడం, సర్కాసియన్ల ఊళ్లు తగలబెట్టడం, ఖాళీ అయిన చోట స్తనిత్సా కట్టడం, మళ్లీ ముందుకు. కొండవాళ్లకు మిగిలినవి రెండే దారులు. రష్యా చూపించిన మైదానంలో ఉండాలి, లేదంటే ఉస్మానియా రాజ్యానికి వెళ్లిపోవాలి. 1861లో వాళ్ల పెద్దలు జార్ రెండో అలెగ్జాండర్‌ను కలిసి మొరపెట్టుకున్నా ఫలితం లేదు.

కోసక్కులు సంతోషంగా వచ్చారనుకుంటే పొరపాటే. అదే ఏడాది ఊళ్లకు ఊళ్లను తరలించబోతే వాళ్లే ఎదురు తిరిగారు, సర్కారు కొంత తగ్గాల్సి వచ్చింది. అయినా నాలుగేళ్లలో వందకు పైగా స్తనిత్సాలు లేచాయి.

1864 మే 21న క్బాదా లోయలో రష్యా సేనలు విజయ కవాతు చేశాయి. ఆ చోటు పేరు ఇప్పుడు క్రాస్నాయా పొల్యానా. 2014 సోచీ ఒలింపిక్స్ స్కీయింగ్ పోటీలు జరిగింది అక్కడే. ఇక సర్కాసియన్ల సంగతి: రష్యా లెక్కల ప్రకారమే 4 లక్షల మందికి పైగా దేశం విడిచారు. తీరంలో ఓడల కోసం ఎదురుచూస్తూ కొందరు, కిక్కిరిసిన ఓడల్లో కొందరు, దిగాక ట్రాబ్జోన్, సామ్సున్ రేవుల్లో టైఫస్, మశూచితో ఇంకెందరో చనిపోయారు.

ఖాళీ చేయించిన కొండల్లో మైదానపు కోసక్కులకు సేద్యం కుదరలేదు. సర్కాసియన్లు పెంచిన పండ్ల తోటలు అడవిలో కలిసిపోయాయి.

బతికి చేరినవాళ్లను ఉస్మానియా ప్రభుత్వం ముహాజిర్లంది, భూములిచ్చింది. విచిత్రం ఏమిటంటే, చాలామందిని అదీ తన సరిహద్దుల్లోనే కాపలాగా కూర్చోబెట్టింది. మొదట బాల్కన్లలో దింపింది. 1877-78 యుద్ధంలో అక్కడి నుంచీ కదలాల్సి వచ్చాక సిరియా వైపు పంపింది. శిథిలాలుగా పడి ఉన్న అమ్మాన్‌లో 1878లో మళ్లీ ఇళ్లు కట్టుకున్నది ఈ సర్కాసియన్లే.