చదువు దగ్గరికొచ్చింది, కొలువు రాలేదు

కోస్తా జిల్లాల కుర్రాళ్లు పై చదువుకీ, ఆ తరువాత ఉద్యోగానికీ మద్రాసు రైలెక్కిన కాలం ఒకటుంది. 1857లో అక్కడ విశ్వవిద్యాలయం వెలిసింది. పట్టా ఇచ్చేదీ ఆ ఊరే, గుమాస్తాగిరీ నుంచి ప్లీడరీ దాకా పెద్ద అవకాశాలుండేదీ ఆ ఊళ్లోనే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక చదువు వాల్తేరుకు చేరింది. సచివాలయం, హైకోర్టు మాత్రం మద్రాసులోనే ఉండిపోయాయి. తెలుగు పట్టభద్రుల వలసకు మూలం నాకిక్కడే కనిపిస్తుంది. కళాశాలలు జిల్లాలకు వచ్చాయి, కొలువులు రాలేదు.

1956లో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అందరి చూపూ రాజధాని హైదరాబాదు మీద పడింది. అక్కడ అప్పటికే ఉస్మానియాలో చదివినవాళ్లున్నారు. స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణగా 1919 నాటి ముల్కీ నిబంధనలున్నాయి. అవి సరిగా అమలు కాలేదు. కోస్తా పట్టభద్రుడు కూర్చున్న కుర్చీ చాలాచోట్ల తెలంగాణ పట్టభద్రుడికి దక్కాల్సిన కుర్చీ. 1969లో విద్యార్థులు వీధికెక్కి ప్రాణాలు పోగొట్టుకున్నది ఈ కడుపుమంటతోనే. వలసను ప్రతిభ కథగా మాత్రమే చెప్పుకునేవాళ్లు ఈ పుట తిప్పేయడం నాకు బాధ కలిగిస్తుంది.

1965లో అమెరికా దేశాలవారీ కోటాలు ఎత్తేశాక గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల డాక్టర్లకు ఆ దారి తెరుచుకుంది. ఇంజనీర్ల కథ అంతకంటే పెద్దది. 1977లో విజయవాడలో సిద్ధార్థ కాలేజీతో మొదలైన ప్రైవేటు ఇంజనీరింగు విద్య, 1998లో హైదరాబాదులో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరుచుకునేనాటికి ఊపందుకుంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో పసుపు రంగు కాలేజీ బస్సు ఊరి రచ్చబండ దాకా వచ్చి ఆగింది. కూలి చేసుకునే ఇళ్ల నుంచి తొలి పట్టభద్రులు బయల్దేరారు. అది నిజంగా గొప్ప మార్పు.

కానీ నాలుగేళ్లు చదివినా కంపెనీలు అడిగే పని చేతికి రాలేదు. దానికోసం హైదరాబాదులోని అమీర్‌పేట వెళ్లాలి. మైత్రీవనం చుట్టూ గోడ కనిపించనన్ని బోర్డులు, జిరాక్సు షాపుల్లో దొంతరలుగా జావా, ఒరాకిల్ నోట్సు, ఒక్క గదిలో నాలుగైదు మంచాలు వేసిన హాస్టళ్లు. ఉద్యోగం రాకముందే, కేవలం శిక్షణ కోసమే ఊరు విడవాల్సి వచ్చింది. వాళ్లలో ఎందరో చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి అమెరికా వీసాకు వెళ్లారు. ఆ తెగింపు వెనక ఇంట్లో అమ్మిన పొలమో, తెచ్చిన అప్పో ఉంటుంది.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర పట్టభద్రుడు మళ్లీ 1926 నాటి చోటుకే వచ్చాడు. కాలేజీ పక్కనే ఉంది, ఉద్యోగాల నగరం పొరుగు రాష్ట్రంలో ఉంది. పరిశ్రమ వస్తే చాలదని పెనుకొండ చెబుతోంది. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలైంది. కరువు సీమకు అది పెద్ద ఊరటే. కానీ కార్ల రూపకల్పన చదివిన పిల్లలకు పని చూపగల హ్యుందాయ్–కియా సమూహపు ఇంజనీరింగ్ కేంద్రం అంతకు చాలా ముందే హైదరాబాదులో స్థిరపడింది. అనంతపురంలో మెకానికల్ పట్టా పుచ్చుకుని ఆ పనే చేయాలనుకునే కుర్రాడు ఇప్పటికీ కర్నూలు మీదుగా రాత్రి బస్సు ఎక్కుతున్నాడు.