స్లోకమ్ గారి డాలరు గడియారం

చిన్న పడవలో సముద్రం మీదికి పోయేవాడికి ఏయే సామాన్లు కావాలి? ఇప్పుడైతే ఉపగ్రహాల సాయంతో దారి చూపే యంత్రం, రేడియో, తనంతట తానే చుక్కాని పట్టే మర, ఇలా జాబితా చాంతాడంత ఉంటుంది. ఇవేవీ లేని రోజుల్లో ఒక మనిషి తెరచాప పడవలో ఒంటరిగా భూగోళం చుట్టివచ్చాడు. అలా చుట్టినవారిలో ఆయనే మొదటివాడు. పేరు జాషువా స్లోకమ్. ఆయన సామాన్ల పద్దు చూస్తే లెక్కలతో బతికే మాబోటివాళ్ళకు ముచ్చటేస్తుంది.

స్లోకమ్ 1844లో నేటి కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తెరచాప ఓడలకు కప్తానుగా పేరు తెచ్చుకున్నాడు. 1887లో సొంత ఓడ 'అక్విడ్నెక్' బ్రెజిల్ తీరాన పాడైపోయింది. అప్పటికే ఆవిరి ఓడలు వచ్చి తెరచాపల కప్తానులకు కొలువు కరువైంది. 1892లో ఒక మిత్రుడు ఓడ ఇస్తాను, కాస్త మరమ్మతు కావాలన్నాడు. వెళ్ళి చూస్తే అది పొలంలో గట్టున పడి ఉన్న పాత నావ 'స్ప్రే'. స్లోకమ్ ఓక్ చెట్లు కొట్టి, పలక పలకా మార్చి, దాన్ని దాదాపు కొత్తగా కట్టాడు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. సామగ్రికి ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు, సొంత కష్టం 13 నెలలు.

1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయలుదేరాడు. ఆయన పాత క్రోనోమీటరు బాగు చేయించాలంటే 15 డాలర్లవుతుంది. అందుకని దాన్ని వదిలేసి, నోవా స్కోషియాలోని యార్మత్ రేవులో ఒక రేకు గడియారం కొన్నాడు. ధర డాలరున్నర. ముఖం పగిలి ఉందని అంగడివాడు డాలరుకే ఇచ్చాడు.

ఇది ఎంత సాహసమో తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి గడియారం ఒక్క నిమిషం తప్పితే భూమధ్యరేఖ దగ్గర 15 నాటికల్ మైళ్ళ తేడా వస్తుంది. ఈ చిక్కు తీర్చినవారికి బ్రిటిషు పార్లమెంటు 1714లోనే 20,000 పౌండ్ల దాకా బహుమతి ప్రకటించింది. అలాంటి చోట పగిలిన ముఖం గడియారం!

స్లోకమ్ నమ్ముకున్నది వేరు. మధ్యాహ్న సూర్యుణ్ణి కొలిచి అక్షాంశం పట్టేవాడు. పోయిన దిక్కు, నడిచిన వేగం బట్టి దూరం అంచనా వేసేవాడు. పసిఫిక్‌లో 43 రోజుల తర్వాత చంద్రుణ్ణి కొలిచి రేఖాంశం కట్టాడు. మొదటిసారి లెక్క వందల మైళ్ళు తేడా చూపింది. తన కొలత మీద నమ్మకం సడలక పట్టికలు తిరగేస్తే, అచ్చయిన లాగరిథమ్ పట్టికలోనే తప్పు దొరికింది! దిద్ది చూస్తే, అంచనాకూ కొలతకూ తేడా అయిదు మైళ్ళు. అచ్చులో ఉన్న అంకెను కూడా సరిచూడాలని మా వృత్తిలో చెప్పే మాటకు ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

మిగతా సామాన్లూ అలాంటివే. పాత చిన్న పడవను అడ్డంగా సగానికి కోయించి, కోసిన చోట చెక్క బిగించాడు. ఒడ్డుకు చేరడానికి అదే పడవ, బట్టలుతకడానికి అదే తొట్టి. మెజెల్లాన్ జలసంధి దగ్గర ఒక పెద్దమనిషి తివాచీ మేకులు ఇచ్చాడు. రాత్రి పడుకునేముందు వాటిని పడవ పైతలంపై చల్లేవాడు. ఉత్తకాళ్ళతో ఎక్కినవాళ్ళు కేకలు పెట్టి నీళ్ళలోకి దూకారు. చుక్కానిని తాడుతో కట్టేసి, తెరచాపలు సరిచేస్తే స్ప్రే తనంతట తానే దారిన పోయేది. 1897లో థర్స్‌డే దీవి నుంచి కీలింగ్ దీవుల దాకా 23 రోజుల్లో 2,700 మైళ్ళు నడిస్తే, ఆయన చుక్కాని పట్టింది మొత్తం మీద మూడు గంటలే.

1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. తిరిగిన దూరం 46,000 మైళ్ళు. దాదాపు పదేళ్ళ తర్వాత అదే స్ప్రేలో మళ్ళీ ఒంటరిగా దక్షిణాదికి బయలుదేరి, తిరిగి రాలేదు. ఏమైందో నేటికీ తెలియదు. పడవా అదే, మనిషీ అతడే. ఎంత చక్కగా రాసిన పద్దులోనైనా సముద్రం తన వంతు ఒక వరుస ఖాళీగా ఉంచుకుంటుంది.