మూసారాంబాగులోని రాముడు

హైదరాబాదు నగరమున మలక్‌పేట చెంతనున్న మూసారాంబాగు పేరు వినినవారు, మూసీతీరమున నెవ్వడో రాముడు పెంచిన తోట యని తలచుట సహజమే గాని, ఆ రాముడు నిజాం అలీఖాను కొలువున సేనానాయకుడై 1798లో గతించిన మిషెల్ జోషాం మారీ రేమోఁ అను ఫ్రెంచివాడు. రేమోఁ అను నామము ఫ్రాన్సున చిరకాలముగా వ్యవహృతమగుచున్నదే యైనను దాని మూలము ప్రాచీన జర్మానిక్ భాషలది. ఆలోచన యను నర్థము గల పదమును, రక్షణ యను నర్థము గల పదమును కలిసి యేర్పడిన సమాసమది. ఇంగ్లీషువారు తుదియక్షరమును పలికి రేమండ్ అందురు. ఫ్రెంచివారి నోట నది వినబడనే వినబడదు. అట్టి పేరు మన నగరవాసుల నోట, హిందువులకు మూసా రాముడుగను, మహమ్మదీయులకు మూసా రహీముగను పరిణమించెను. ముందున్న ‘మూసా’ ఫ్రెంచివారు గౌరవార్థము పేరునకు చేర్చు ‘మొస్యో’ యే! పరదేశీయుడగు సేనానిని ఇరుమతములవారును తమ తమ దైవనామములతో పిలిచికొనిరనగా, ఆయన యెడ ప్రజలకెంత యాదరము గలదో వేరుగ చెప్పనేల? సరూర్‌నగరు చేరువ గుట్టపై నున్న ఆయన సమాధియొద్ది యున్నత శిలాస్తంభమున జె.ఆర్. అను పొడియక్షరములు మాత్రము చెక్కబడియున్నవి. పూర్తి పేరును ప్రజలే, తమ యుచ్చారణకు లొంగదీసికొని, నిలిపిరి. నేడు మెట్రో రైలు స్టేషనుకును అదియే పేరు.